ఉడకబెట్టిన ఇటుకలు

ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలను అతికించడానికి పెద్ద నేర్పు అక్కరలేదు. నేర్పంతా వాటిని విడదీయడంలో ఉంది. నాకు ఈ సంగతి పిల్లల వల్ల తెలియలేదు, జబ్బు వల్ల తెలిసింది.

కె.జి.ఎఫ్. బజారులో నగలకు హాల్‌మార్కు వేసే ఒక చిన్న పరీక్షా కేంద్రంలో నేను పనిచేసేదాన్ని. రసాయనశాస్త్రం చదివినవాళ్ళకు గనులు మూతపడిన మా ఊళ్ళో మిగిలిన కొద్ది ఉద్యోగాల్లో అదొకటి. నగ నుంచి గీరిన తునకకు కొంత వెండి కలిపి, సీసపు రేకులో చుట్టి కొలిమిలో పెడతాం. సీసంతో పాటు రాగి వంటివన్నీ ఒక చిన్న గిన్నెలోకి ఇంకిపోయి, పూస ఒకటి మిగులుతుంది. ఆ పూసను రేకుగా సాగదీసి, చుట్టగా చుట్టి, ఆమ్లంలో మరిగిస్తే వెండి కరిగిపోయి బంగారం నిలుస్తుంది. అప్పుడది బంగారంలా కనిపించదు. ఎండిన మట్టి రంగులో, కాస్త గట్టిగా పట్టుకుంటే పొడైపోయేలా ఉంటుంది. మళ్ళీ కాల్చి, తూచి, నగలో ఎంత బంగారం ఉందో తేలుస్తాం. ఆ చుట్టను సన్న పట్టకారుతో ఎంత బిగువున పట్టుకోవాలో ఏ పుస్తకంలోనూ రాసి ఉండదు. వేలి కొసలకు తెలియాలి. నాకు తెలిసేది.

రొమ్ములోని గడ్డను తీసేశాక ఎక్కించిన మందు ఆ తెలివిడిని తీసుకుపోయింది. మొదట తిమ్మిరి వచ్చింది, తరువాత తిమ్మిరి కూడా పోయింది. చొక్కా గుండీ పట్టుకున్నానో లేదో చూస్తే తప్ప తెలిసేది కాదు. కలం నిలిచేది కాదు. గోళ్ళు పెళుసెక్కి పొరలుగా లేచాయి. నోటికి రుచి, ముక్కుకు వాసన మందగించాయి. స్పర్శ తిరిగి వస్తుందా అని డాక్టరును అడిగాను. "రావచ్చు, రాకపోవచ్చు, నెలలు పట్టవచ్చు" అన్నాడు. ఆ ఏడాది నేను విన్న మాటలన్నిటిలో సరిచూడవలసిన అవసరం లేనిది అదొక్కటే.

కేంద్రం యజమాని నగల వ్యాపారుల కుటుంబంలోని పెద్దాయన. నా బల్లను ఉగాది వరకు ఖాళీగా ఉంచుతానన్నాడు. అప్పటికి చేతులు పనికి వస్తే బల్ల నాది, రాకపోతే వేరొకరిది. అందులో అన్యాయమేమీ లేదు. నా చేతిలో చుట్ట విరిగి ఒక పొడి రేణువు జారిపోతే ఎవరి నగో తక్కువ బంగారంగా తేలుతుంది.

కోలుకునే రోజులు క్యాసంబళ్ళిలో అక్క ఇంట్లో గడిపాను. అక్కవాళ్ళకు మల్బరీ తోట, పట్టుపురుగులను పెంచే షెడ్డు ఉన్నాయి. గూళ్ళను మార్కెట్టుకు అమ్మేస్తారు. ధర పలకని గూళ్ళను, అంటే మరక పడినవాటిని, రెండు పురుగులు కలిసి కట్టినవాటిని, అక్క పెరట్లో ఉడకబెట్టి దారం తీస్తుంది. ఆసుపత్రిలో కసరత్తులు నేర్పే అమ్మాయి చిన్న వస్తువులతో పని చేయమని చెప్పింది: పూసలు, గుండీలు, పిల్లల బొమ్మ ఇటుకలు. అలా చేస్తే మెదడు మళ్ళీ నేర్చుకుంటుందట. ఎలా తెలుసని అడిగితే, బాగుపడినవాళ్ళు చెప్పారంది. బాగుపడనివాళ్ళు ఏం చెప్పారో ఆమె అడగలేదు. హాని లేని పని కనుక ఒప్పుకున్నాను.

అక్క కూతురు బెంగళూరులో చదువుకుంటోంది. దాని చిన్ననాటి ఇటుకలు ఒక రాగుల సంచి నిండా అటక మీద ఉన్నాయి. ఖరీదైనవీ, సంతలో కొన్న నకళ్ళూ కలిసిపోయి ఉన్నాయి. వాటితో పాటు ఎవరూ విప్పని కొత్త ఇటుకల పెట్టె ఒకటి దొరికింది. ఎవరో పుట్టినరోజుకు ఇచ్చినదట. దాన్ని విప్పలేదు, పక్కన పెట్టాను.

మొదట వాటిని వేరు చేయాలి. రంగులవారీగా వేరు చేయడం చూడటానికి బాగుంటుంది, పనికి మాత్రం ఎదురు తిరుగుతుంది. నల్లవాటి కుప్పలో చిన్న నల్ల పలకను వెతకడం కన్నా, చిన్న పలకల కుప్పలో నల్లదాన్ని వెతకడం తేలిక. దీన్నీ ఊరికే నమ్మలేదు, రెండు విధాలా చేసి చూశాను. వేళ్ళు పనిచేయని మనిషికి పనంతా కళ్ళదే. కంటికి ఆకారం కన్నా రంగు ముందు దొరుకుతుంది కాబట్టి, కుప్ప ఆకారానిది కావాలి, వెతుకులాట రంగుది కావాలి. రాగులు జల్లించే జల్లెడలు అడుగున రంధ్రాల కొలతను బట్టి ఉపయోగపడతాయేమోనని చూశాను. వాటి రంధ్రాలు మరీ చిన్నవి. వేరుశనగ జల్లెడ పనికొచ్చింది.

వేరు చేసినవాటిని అక్క చంద్రికెలో పోసింది. చంద్రికె అంటే పురుగులు గూడు కట్టుకోవడానికి పెట్టే గుండ్రటి వెదురు తట్ట. అందులో సన్నని వెదురు పట్టీ బయటి నుంచి లోపలికి సుడిలా తిరుగుతూ పోతుంది. ఆ సుడి వెంట బయట పెద్ద ఇటుకలు, నడిమికి చేరేసరికి ఒంటి బొడిపె ముక్కలు. ఇంతకన్నా మంచి పెట్టె నేను దుకాణంలో చూడలేదు.

తరువాత పరికరాలు. ఇటుకలను విడదీయడానికి ఒక ప్లాస్టిక్ మీట దొరుకుతుంది. ఒక కొసను ఇటుక పైనుండే బొడిపెల మీద బిగించి రెండో కొసను నొక్కితే పై ముక్క లేస్తుంది. ఇందులో మాయ లేదు, పిడి పొడవు బలాన్ని పెంచుతుంది, అంతే. మీట లేకపోతే పొడవాటి ఇటుకను అతికించి దాన్నే పిడిగా వాడవచ్చు. ఒకే కొలత గల రెండు పలచని పలకలు అంచులు కలిసి అతుక్కుంటే అది అన్నిటికన్నా మొండి కేసు. వాటికి పైన ఒక ఇటుక, కింద ఒక ఇటుక తగిలించి, రెంటినీ వ్యతిరేక దిశల్లో వంచాలి. గోడ కట్టేటప్పుడు మేస్త్రీ చేసినట్టే కింది వరుస అతుకు మీద పై వరుస ఇటుక నడుము రావాలి, లేకపోతే గోడ నిట్టనిలువునా చీలుతుంది. నోట్లు లెక్కపెట్టేవాళ్ళు తొడుక్కునే రబ్బరు తొడుగును వేలికి వేసి చూశాను. జారడం తగ్గింది, తెలియడం పెరగలేదు. పండ్లతో కొరకకూడదని ఇటుకల గురించి రాసేవాళ్ళందరూ రాస్తారు. ఇటుక అంచు చెడుతుంది, పన్నూ చెడుతుంది. నేను కొరికేదాన్ని.

కొరకడానికి కారణముంది. నాకు నేనొక పరీక్ష పెట్టుకున్నాను. అంచులు కలిసిన ఆ పలచని పలకల జతలను మీట లేకుండా, ఇటుకల సాయం లేకుండా, వట్టి వేళ్ళతో విడదీయగలిగితే బల్లకు తిరిగి వెళ్ళాలి, లేకపోతే వెళ్ళకూడదు. సన్నని అంచును సరైన బిగువుతో పట్టుకోవడమే నా పని కాబట్టి ఆ పరీక్ష సమంజసంగానే తోచింది. రోజూ ఉదయం ఒక పిడికెడు జతలు తీసుకునేదాన్ని. విడిపోయినవి ఒక పక్క, విడిపోనివి ఒక పక్క. విడిపోనివాటిని చివరికి విసుగుతో కొరికేదాన్ని. వాటిని లెక్కలోకి తీసుకోలేదు. సాయంత్రం అక్క అన్నిటినీ మళ్ళీ నొక్కి అతికించి ఉంచేది. ఎందుకు ఉంచమంటున్నానో ఆమెకు చెప్పలేదు. చెప్పి ఉంటే దేవుడికి మొక్కేది, ఊళ్ళో అందరికీ చెప్పేది. కొలతకు అవేవీ అక్కరలేదనుకున్నాను.

చాలా రోజుల పాటు ఏ జతా విడిపోలేదు. నాకు దుఃఖం కలగలేదు. మందు వేళ్ళ దగ్గరే ఆగలేదేమో అని అప్పుడప్పుడు అనుకునేదాన్ని. అది కూడా రుజువు లేని ఊహే.

పక్కింటి ఆమె పాలు పోయడానికి వచ్చి, వరండాలో నేను ఆ ఇటుకలతో కట్టిన గోడను చూసి నిలబడేది.

"ఏమ్మా, ఇంగా గోడే కడతా ఉండావా? పైకప్పు ఎప్పుడేస్తావు? గృహప్రవేశానికి మమ్మల్ని పిలుస్తావా లేదా?"

"పిలుస్తాను" అన్నాను.

"ఇంత చదువుకుని బ్లాక్సు ఆడుకునే యోగం ఎవురికుంటాది చెప్పు!" అంది. మరొక రోజు ఒక ఇటుకను ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. "థూ, ఇవి గూళ్ళు ఉడికిన వాసన కొడతా ఉండాయి కదమ్మా."

"చంద్రికెలో పోసినాం కదా, దాని వాసన" అన్నాను. నా ముక్కుకు ఏ వాసనా తెలియలేదు. ఆమె మాటకు నా దగ్గర వివరణ సిద్ధంగా ఉంది కాబట్టి సరిచూడలేదు.

ఆ తరువాత జతలు విడిపోవడం మొదలైంది. ముందు ఒకటో రెండో, క్రమంగా ఎక్కువ, చివరికి పిడికెడులో సగానికి పైగా. బొటనవేలు ఒక అంచున, చూపుడువేలు ఇంకొక అంచున పెట్టి పక్కకు తోస్తే పలకలు జారి వేరయ్యేవి. నేను చూస్తూ ఉండేదాన్ని. ఇది జరగవలసిన విషయం, జరుగుతోంది, అంతవరకే తోచేది. అయినా వారం గడిచేసరికి యజమానికి ఫోన్ చేశాను. చేతులు పనికి వస్తున్నట్టున్నాయి, ఉగాది తరువాత వస్తానన్నాను.

"సంతోషమమ్మా" అన్నాడు ఆయన. "బల్ల తుడిపించి పెడతాను. త్రాసు కూడా సరిచేయిస్తాను."

ఎడమచేయి కూడా కుడిచేయితో సమానంగా బాగుపడటం అప్పుడే గమనించి ఉండవలసింది. మొదటి నుంచీ ఎడమచేయి ఎక్కువ మొద్దుబారి ఉండేది. రెండూ ఒకేసారి, ఒకేలా కోలుకోవడానికి కారణం లేదు. మన కోరికకు అనుకూలంగా వచ్చిన ఫలితాన్ని రెండోసారి కొలవాలని నేను కొత్తగా చేరినవాళ్ళకు చెబుతుండేదాన్ని.

ఒక ఉదయం గోడను చంద్రికె దగ్గరికి మార్చడానికి పై వరుస పట్టుకుని ఎత్తాను. అంతకు ముందు ఎన్నోసార్లు అలాగే ఎత్తాను. ఈసారి గోడ నడిమికి తెగి, కింది సగం నేల మీద పడి చెల్లాచెదురైంది. అతుకుల మీద ఇటుకల నడుములు సరిగ్గానే ఉన్నాయి, కట్టుబడిలో తప్పు లేదు. నా వేళ్ళకు బలం వస్తే పలకలు విడిపోవచ్చు గాని, గోడ తన బరువుకు తానే తెగిపోవడానికి నా వేళ్ళతో సంబంధం లేదు. మారినవి ఇటుకలు.

పెరట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద వెడల్పాటి గిన్నెలో గూళ్ళు తెర్లుతున్నాయి. అక్క చీపురు పుల్లల కట్టతో దారపు కొసలను వెతుకుతోంది. గిన్నె అంచుకు ఒక గుడ్డ మూట కట్టి నీళ్ళలో వేలాడదీసి ఉంది. తడిసిన గుడ్డలోంచి ఎరుపు, నీలం కనిపిస్తున్నాయి.

"అక్కా, ఆ మూటలో ఏముండాది?"

"నీ బ్లాక్సే, జతలూ గోడలో ముక్కలూ. ఎందుకే?"

"వాటిని ఎందుకు ఉడకబెడతా ఉండావు?"

"ఉడకబెట్టేదేముంది, నీళ్ళు ఎట్లాగూ కాగుతా ఉండాయి కదా, సుమ్నె ఊరికే ఒక పక్కన వేలాడేసినాను." పుల్లల కట్టకు చిక్కిన దారాన్ని చేతికి చుట్టుకుంటూ చెప్పింది. "గూటిలో దారం ఎట్ల అతుక్కునుంటాది? జిగురుతో. ఉడుకు నీళ్ళలో ఏస్తే జిగురు కరిగి లేసొస్తాది. ఇవి కూడా అట్లనే లేసొస్తాయని చూసినాను. లేసొచ్చినాయి కూడా."

"ఇందులో జిగురు లేదక్కా."

"లేకపోతే ఎట్ల అతుక్కుంటాదే?"

ప్రశ్న సరైనదే. బొడిపె తన కన్నా ఒక వెంట్రుక ఇరుకైన చోట దూరుతుంది. ప్లాస్టిక్ కాస్త వంగి, తిరిగి తన ఆకారానికి రావాలని నొక్కుతూ ఉంటుంది. ఆ నొక్కుడే పట్టు. అతికి ఉన్న జతను అలాగే కాగే నీళ్ళలో ఉంచితే, వంగిన ప్లాస్టిక్ ఆ వంపునే తన ఆకారంగా చేసుకుంటుంది. చల్లారాక నొక్కడానికి ఏమీ మిగలదు. మా ఊరి ఎత్తులో నీళ్ళు వంద డిగ్రీలకు కొంచెం తక్కువలోనే మరుగుతాయి. మంచి ఇటుకలకు ఆ వేడి హద్దు దగ్గరిది, సంతలో కొన్న నకళ్ళ సంగతి చెప్పలేను. ఇదంతా ఆమెకు చెప్పాను, కొంచెం పొట్టిగా.

"అయితే చెడిపోయినాయా?" అంది.

"కొన్ని."

"బెంగళూరులో పాపకు చెప్పొద్దు, అది అరుస్తాది." దారాన్ని పక్కన పెట్టి నా వైపు చూసింది. "నువ్వు దినామూ వాటిని పండ్లతో కొరుకుతా ఉంటివి. చిగుళ్ళకు రక్తమొస్తా ఉంటే చూడలేకపోయినాను. చెబితే వింటావా? నీ మాదిరి మొండిది యాడా లేదు. అందుకే సుళువుగా వచ్చేటట్ల చేసినాను. ఏం తప్పు చేసినానే?"

"ఎప్పటి నుంచి?"

"శివరాత్రి ముందర నుంచి. ఇంగ ఎందుకట్ల నిలబడతావు, కూర్చో."

జతలు విడిపోవడం మొదలైందీ అప్పుడే. నేను కూర్చోలేదు. లోపలికి వెళ్ళి విప్పని పెట్టెను విప్పాను. వేడి నీళ్ళు ముట్టని పలకలు అందులో ఉన్నాయి. వాటిని జతలుగా నొక్కమని అక్కను పిలిచాను. ఉడికిన జతలనూ ఉడకని జతలనూ ఒకే రంగులో ఏరి, ఏవి ఏవో నాకు తెలియకుండా కలిపి ఇమ్మన్నాను. నా వీపు ఆమె వైపు తిప్పుకుని కూర్చున్నాను. ఈసారి ఎందుకో చెప్పాను: బల్ల, ఉగాది, నేను పెట్టుకున్న షరతు, అన్నీ.

వెనుక నుంచి పలకలు కదిలే చప్పుడు వినిపించింది.

"ముందే చెప్పుంటే అట్ల చేసుందునా?" అంది అక్క.

"ఇప్పుడివ్వు."

ఒక్కొక్క జతనూ నా అరచేతిలో పెట్టింది. కొన్ని విడిపోయాయి, కొన్ని విడిపోలేదు. అయ్యాక ఇద్దరం చూశాం. విడిపోయినవన్నీ ఉడికినవే. ఉడకని ఒక్క జత కూడా కదలలేదు. రెండు చేతులకూ ఫలితం ఒకటే. మళ్ళీ ఒకసారి చేద్దామని అక్క అంది, చేశాం. తేడా రాలేదు. అటువంటి స్పష్టత ప్రయోగాల్లో అరుదుగా దొరుకుతుంది.

యజమానికి ఫోన్ చేసి రాలేనని చెప్పాను.

"అదేందమ్మా, బాగుండాదంటివే?"

ఇటుకల సంగతి, పొయ్యి సంగతి చెప్పాను. అవతల ఆయన నవ్వును ఆపుకుంటున్నట్టు వినిపించింది. "మన కేంద్రంలో ఇటుకలు విడదీయమని ఎవురడగతారమ్మా? వచ్చి ఒకసారి చుట్ట పట్టుకుని చూడరాదా?"

"ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకు తెలియదు సార్. విరిగినాక కంటికి కనబడుతుంది. అప్పటికి నగ మీద తప్పు సంఖ్య పడిపోయి ఉంటుంది."

నవ్వు ఆగింది. "అయితే వేరేవాళ్ళను చూసుకుంటానమ్మా. మనసులో ఏమీ పెట్టుకోవద్దు."

"లేదు" అన్నాను. అది నిజం. పెట్టుకోవడానికి ప్రయత్నించినా ఏమీ నిలవలేదు. ఫోను బల్ల మీద పెట్టాను, అది అంచుకు దగ్గరగా ఉందని కంటితో చూసి లోపలికి జరిపాను.

మరునాడు వరండాలోకి వచ్చేసరికి రెండు చంద్రికెలు ఉన్నాయి. ఉడికిన ఇటుకలను అక్క ఒకదాంట్లో, ఉడకనివాటిని ఇంకొకదాంట్లో సర్దింది. కలిసిపోకూడదని ఉడికినవాటి తట్ట అంచుకు పసుపు రంగు పట్టుదారం ముడివేసింది. తాను తీసిన దారమే. దారం ఉన్నది ఏది, లేనిది ఏది అని పక్కింటి ఆమెకు కూడా చెప్పి పెట్టిందట, పాలు పోసేటప్పుడు ఎక్కడ చేయి పెడుతుందోనని.

ఆమె నా ఎదురుగా కూర్చుని ఉడకని జతను ముందుకు తోసింది. వట్టి వేళ్ళతో ప్రయత్నించాను. కదలలేదు. పండ్ల దగ్గరికి తీసుకుపోబోతే నా మణికట్టు పట్టుకుంది.

"దాంతో తియ్యి" అంది, ఇన్నాళ్ళూ నేను పక్కన పెట్టిన మీటను చూపిస్తూ.

మీట కొసను బొడిపెల మీద బిగించాను. బిగిసిందో లేదో వంగి చూశాను. పిడిని నొక్కాను. టక్కుమని శబ్దం వచ్చింది, పై పలక లేచింది. వేలికి ఏమీ తెలియలేదు.

"వచ్చిందా?"

"మీటతో వచ్చింది."

"వచ్చింది గదా."

"మీటతో" అన్నాను.

అక్క ఇంకొక జతను నొక్కి, అంచులు సరిగ్గా కలిశాయో లేదో కంటికి దగ్గరగా పెట్టుకుని చూసి, నా ముందు పెట్టింది.